ఒక్కసారి నొక్కితే చాలు

కళ్ళద్దాల దుకాణం, వెనక గది

వదినా,

ఉత్తరం చూసి కంగారుపడకండి, అందరం బాగానే ఉన్నాం. ఫోన్ పాడైంది, అందుకని కాగితం పట్టుకున్నాను. రాత కోడి గెలికినట్టుందని నవ్వుకోకండి. కుడిచేతి రెండు వేళ్ళకి కట్టు ఉంది, మిగతా వాటితో లాక్కొస్తున్నాను.

మా దుకాణంలో ఇనుప సొరుగుల బీరువా మీరు చూశారుగా. ఎక్కడో మూసేసిన గిడ్డంగి సామాను అమ్ముతుంటే మీ తమ్ముడు తెచ్చింది. గాజు బిళ్ళలన్నీ దాన్లోనే. ఆయన కౌంటర్లో కళ్ళు పరీక్ష చేసి నంబరు చెప్తారు. నేను ఆ నంబరు బిళ్ళ సొరుగులోంచి తీసుకెళ్ళి, వెనక అరగదీసి, ఫ్రేములో కూర్చోబెడతాను. రోజంతా ఇదే. ఒక్కో సొరుగు లాగాలంటే ఒంట్లో బలమంతా భుజంలోకి రావాలి. పోయిన నెల దాన్లో చెయ్యి పడింది. చూపుడు వేలు, మధ్యవేలు వంగడం లేదు. ఆ రెండూ వంగకపోతే అద్దం పట్టుకోలేను. అద్దం పట్టుకోలేకపోతే ఆ దుకాణంలో నేను ఊడ్చే మనిషిని, అంతే.

మీరు లిఫ్టులకి వైరింగ్ చేస్తారు. మనుషుల్నే ఎక్కించి దించే మీకు ఒక సొరుగు లెక్కా? ఒక బటన్ నొక్కితే తెరుచుకుని, ఇంకో బటన్ నొక్కితే మూసుకునేలా మోటారు ఎలా పెట్టాలో రాయండి. నాకు అర్థమయ్యేలా రాయాలి, మీ యూనియన్ కరపత్రంలా కాదు.

జవాబు పక్కనున్న జిరాక్స్ కొట్టు అడ్రసుకి పంపండి. మీ తమ్ముడికి ముందే తెలిస్తే సరదా పోతుంది.

మీ మరదలు


లిఫ్టుల ఫ్యాక్టరీ, వైరింగ్ షెడ్డు

ఏమే మరదలా,

"చెయ్యి పడింది" అని రాశావు. చెయ్యేమన్నా చిల్లర నాణెమా, జారి పడడానికి? మా దగ్గరా ఇదే భాష. పోయిన వారం మా బిగింపు మేస్త్రీ కాలు లిఫ్టు గుంతలో నుజ్జయింది. తలుపు తెరిచి ఉంటే లిఫ్టు కదలకుండా ఆపే స్విచ్ ఒకటుంటుంది. పని తొందరగా తెమలాలని దాన్ని తీసేయించింది యజమాని. రిపోర్టులో ఏం రాశారో తెలుసా? "ప్రమాదవశాత్తు కాలు పడినది." ఆ కాగితాన్ని మేనేజరు బల్ల మీదే చింపి, ముక్కలు వాడి టీ కప్పులో వేసొచ్చాను. ప్రమాదం అనే మాట వెనక ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు. వాడి పేరు రాయడం ఇష్టం లేనప్పుడు ప్రమాదం అని రాస్తారు. ఆ ఇనప గుదిబండ తెచ్చిపెట్టి, దాని పట్టాలకి ఇంత గ్రీజు కూడా పెట్టని మా వాడిదే తప్పు. చెవి మెలేస్తానని నా మాటగా చెప్పు. అసలు నీ చెయ్యి నలిగినప్పుడు వాడెక్కడున్నాడు?

సరే, పనిలోకి వద్దాం. బ్యాటరీతో తిరిగే చిన్న మోటారు కొను, గేరుపెట్టె ఉన్నది. నిదానంగా తిరుగుతుంది గానీ దున్నపోతు బలం. దానికి పొడుగు స్క్రూ రాడ్డు బిగించి, రాడ్డు మీది నట్టుని సొరుగు వెనక్కి పట్టించు. రాడ్డు ఇటు తిరిగితే సొరుగు బయటికి, అటు తిరిగితే లోపలికి. మోటారుకి ఉండేది రెండు వైర్లే. వాటిని అటుదిటు మారిస్తే అదే మోటారు వెనక్కి తిరుగుతుంది. నీ రెండు బటన్లూ చేసేది ఆ మార్పే, ఇందులో బ్రహ్మవిద్య ఏం లేదు. సొరుగు కొసకి చేరగానే కరెంటు ఆగేలా రెండు కొసల్లో చెరో చిన్న స్విచ్ పెట్టు. లేకపోతే మోటారు గోడకి తల బాదుకుంటూ కాలిపోతుంది. బొమ్మ వెనక పేజీలో గీశాను.

ముఖ్యమైంది ఇది. బటన్ మీద వేలు ఉన్నంతసేపే మోటారు తిరగాలి. వేలు తీస్తే ఎక్కడిదక్కడ ఆగాలి. ఇనుముకి కళ్ళుండవు, వేలికి ఉంటాయి.

ఫ్యాక్టరీ గేటు దగ్గర యజమాని కిరాయి రౌడీలు నన్ను కొట్టి పడేసినప్పుడు భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తినవాడు మా తమ్ముడు. నువ్వు వాడి దగ్గరున్నావని నాకు నిశ్చింత. అయినా చెవి మెలేస్తాను.

వదిన


కళ్ళద్దాల దుకాణం, వెనక గది

వదినా,

కదిలింది! మొదట తెరిచే బటన్ నొక్కితే సొరుగు మూసుకోబోయింది. మూసి ఉన్నది ఇంకెక్కడికి మూసుకుంటుంది, పాపం? నన్ను చూసి గుర్రుమంది. వైర్లు అటుదిటు పడ్డాయని మీ బొమ్మ చూసి పట్టుకున్నాను. మార్చి పెడితే బుద్ధిగా బయటికొచ్చింది. ఒక్కదాన్నే చప్పట్లు కొట్టబోయి, వేళ్ళు గుర్తొచ్చి తొడ మీద కొట్టుకున్నాను. మూడు పూటలు అటూ ఇటూ నడిపి చూశాను. బిళ్ళలు కూడా కదలనంత నెమ్మది.

మీ తమ్ముడు చూశారు. కోప్పడతారనుకున్నాను. నవ్వారు. బొమ్మ తీసి చూడగానే గీత గుర్తుపట్టి, "ఇది మా అక్క చేతి గీతే" అన్నారు. అన్ని సొరుగులకీ పెట్టమన్నారు. బటన్లు మాత్రం బీరువా పక్కనే ఉన్న తన కౌంటర్ అంచు కింద ఉండాలట. ఇంకోటి కూడా అడిగారు. "ప్రతిసారీ వేలు ఆనించి నిలబడాలా? ఒక్కసారి నొక్కితే చాలనేలా చెయ్యమను మా అక్కని. నొక్కి వదిలేస్తే కొసదాకా అదే పోవాలి."

అడగమన్నారు కాబట్టి రాస్తున్నాను. మీరు కుదరదని రాసినా నాకేం బాధ లేదు వదినా. కుదరకపోవచ్చు కూడా. పాత బీరువా కదా.

మీ మరదలు


లిఫ్టుల ఫ్యాక్టరీ, వైరింగ్ షెడ్డు

ఏమే మరదలా,

కుదరదని రాయడానికి నేనేమన్నా చేతకానిదాన్నా? నొక్కి వదిలేస్తే లిఫ్టులు ఇరవై అంతస్తులు పోతున్నాయి, మూరెడు సొరుగు పోదా?

రిలే అని అగ్గిపెట్టెంత పరికరం ఉంటుంది. బటన్ ఒకసారి తగిలితే చాలు, లోపలి రేకు అంటుకుని తనను తానే పట్టుకుని ఉంటుంది. నువ్వు వేలు తీసినా వదలదు. సొరుగు కొస స్విచ్‌కి తగిలినప్పుడే వదులుతుంది. తెరవడానికొకటి, మూయడానికొకటి. రెండూ ఒకేసారి పడితే వైర్లు మాడిపోతాయి, అందుకని ఒకదాని వైరు ఇంకోదాని గుండా తిప్పాను. ఒకటి పట్టుకుని ఉన్నంతసేపు రెండోది చచ్చినా పట్టుకోదు. బొమ్మ చూడు, ఎంత ముద్దుగా వచ్చిందో!

కానీ విను. ఇప్పుడిక దీనికి నీ వేలితో పనిలేదు, కాబట్టి నీ వేలంటే లెక్కా లేదు. బీరువా దగ్గర నీ ఎడమచేతికి అందేలా ఎర్ర బటన్ ఒకటి పెట్టు. అది కొడితే అంతా ఆగి చావాలి. అది లేకుండా నడిపావో, నేనొచ్చి నీ జుట్టు పట్టుకుంటాను. మా మేస్త్రీ కాలు తీసేశారు. ఆయన భార్య ముందు నిలబడి "పొరపాటు జరిగిందమ్మా" అన్నాడు మా మేనేజరు. పొరపాటు జరగదు, చేస్తారు. రేపు మీటింగులో ఆ మాటే అనబోతున్నాను.

పోయినసారి ఒకటడిగాను, వాడెక్కడున్నాడని. జవాబు రాలేదు. మర్చిపోయావా, మింగావా?

వదిన


ఆస్పత్రి, ఎముకల వార్డు

వదినా,

ఇది ఎడమచేత్తో రాస్తున్నాను. వంకరగా ఉంటే సర్దుకుని చదవండి.

రెండుసార్లు అడిగారు. అప్పుడు మీ తమ్ముడు సొరుగుకి ఇవతలే ఉన్నాడు. మడమతో తన్నాడు. ఒక పెద్దాయనకి తను చెప్పిన నంబరు తప్పని కౌంటర్ దగ్గర వేలితో చార్టు చూపించి అన్నాను. నిజంగానే తప్పు. ఆ కళ్ళద్దాలతో ఆయన రోడ్డు దాటలేడు. పెద్దాయన వెళ్ళేదాకా నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత షట్టర్ సగం దించి, "ఏ వేలు పెట్టి చూపించావే?" అన్నాడు. ఆ వేలు లోపల పెట్టించి తన్నాడు. పక్క వేలు ఊరికే పోయింది.

ఫోన్ పాడవలేదు. వాడి జేబులో ఉంది.

ఎర్ర బటన్ పెట్టాను వదినా. మీరు చెప్పిన చోటే పెట్టాను. మొన్న ఒకావిడ కౌంటర్ దగ్గరికి వచ్చి, "మీరొద్దండీ, లోపల అమ్మని చూడమనండి" అంది. అంతే, ఇంకేం జరగలేదు. ఆవిడ వెళ్ళాక షట్టర్ దిగింది. నా మెడ పట్టుకుని బీరువా దగ్గరికి తెచ్చి, చెయ్యి సొరుగంచు మీద పెట్టించి, ఒక్కసారి నొక్కాడు. అప్పుడిక వాడి రెండు చేతులూ ఖాళీ. ఒకదానితో మోచెయ్యి, ఒకదానితో భుజం అదిమిపట్టాడు. ఒక్కసారి నొక్కితే చాలనేలా ఎందుకు చేయించుకున్నాడో అప్పుడర్థమైంది. వేలు బటన్ మీదే ఉంచాల్సి వస్తే నన్ను పట్టుకోడానికి ఒక చెయ్యే మిగులుతుంది. ఒక చేతికి నేను లొంగే మనిషిని కాదు, అది వాడికి బాగా తెలుసు.

ఎర్ర బటన్ కొట్టాను. కొడుతూనే ఉన్నాను. దాని వైర్లు ముందే కోసేసి ఉన్నాయి.

మీ మోటారు నిదానంగా వచ్చింది. తోలు తెగింది, తర్వాత ఎముక. పచ్చి కొమ్మ విరిచినట్టు చప్పుడు రాదు వదినా, తడిబట్ట పిండినట్టు వస్తుంది. ఆ తర్వాత జరిగింది ఇప్పుడు రాయలేను.

రెండు వేళ్ళు తీసేశారు. ఉంగరపు వేలు సంగతి చెప్పలేమంటున్నారు. మంచం దగ్గరికి పోలీసు అధికారి వచ్చాడు. ఆయనకి మీ తమ్ముడు చెప్పింది ఇది: "వైరింగ్ ఆవిడే చేసుకుంది సార్. తెలిసీ తెలియని పని. దానంతట అదే తిరిగింది." నా పనే నా మీద సాక్ష్యం. అది దానంతట అది తిరగదని చెప్పగలిగింది మీరే, చెప్తే నమ్మేది మిమ్మల్నే. వచ్చి చెప్తారా?

మీ మరదలు


లిఫ్టుల ఫ్యాక్టరీ, వైరింగ్ షెడ్డు

మరదలికి,

ఉత్తరం చదివాక స్క్రూడ్రైవర్ పక్కన పడేశాను. వాడికి ఫోన్ చేశాను. ఏడ్చాడు. నా తమ్ముడి ఏడుపు చిన్నప్పటి నుంచీ తెలుసు, అది నటన కాదు. "రిలే రేకు అతుక్కుపోయిందేమో అక్కా" అన్నాడు. అలా జరుగుతుంది. కరెంటు ఎక్కువైతే ఆ రేకులు కరిగి ఒకదానికొకటి అంటుకుంటాయి. వేలు పెట్టకపోయినా మోటారు తిరుగుతుంది. షెడ్డులో నేనే ఎన్నోసార్లు చూశాను. నీ బీరువాలో అలా జరగలేదని చూడకుండా ఎలా చెప్పను?

నువ్వు అబద్ధమాడుతున్నావని కాదు. నొప్పిలో ఉన్న మనిషికి ఒకటి ఇంకోలా కనబడుతుంది. మీ ఇద్దరి మధ్యా ఏదో ఉంది, కాదనను. వాడు చెయ్యి చేసుకునే ఉంటాడు, దానికి వాడి చెంప పగలగొడతాను. కానీ నువ్వు రాసింది వేరు. అది మనిషి చేసే పని కాదు. ఒకసారి స్టేషన్లో సంతకం పెట్టాక వెనక్కి తీసుకోలేం. రెండు వైపులా వినకుండా తీర్పు చెప్పకూడదని నేనే అందరికీ చెప్తాను. కాస్త కుదుటపడ్డాక ఆలోచించు.

వదిన


ఆస్పత్రి, ఎముకల వార్డు

వదినా,

ఆలోచించాను. ఇక్కడ ఇంకేం పనుంది నాకు?

మేస్త్రీ కాలు నలిగితే మేనేజరు టీ కప్పులో కాగితం ముక్కలు వేశారు. నా చెయ్యి నలిగితే రెండు వైపులా వింటారా? మీ యజమాని కూడా ఇంటికెళ్ళి ఏడ్చాడేమో, ఎవరైనా ఫోన్ చేసి కనుక్కున్నారా? మీ సభలో మైకు పట్టుకుని "ఇంటి గోడలు కూడా ఫ్యాక్టరీ గోడలే, లోపల ఎవరు నలుగుతున్నారో బయటికి వినబడదు" అన్నప్పుడు కింద కూర్చుని చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ లెక్కలో మీ పుట్టింటి గోడ లేదని అప్పుడే చెప్పాల్సింది. చేతులు నొప్పి పుట్టేలా కొట్టేదాన్ని కాదు.

మనిషి చేసే పని కాదన్నారు. మనిషే చేశాడు. జంతువుకి రిలే కావాలని తెలియదు.

ఇక రేకు సంగతి. పోయినసారి రాయలేకపోయిన ముక్క ఇప్పుడు రాస్తాను, మీరే తేల్చండి. సొరుగు కొసదాకా మూసుకున్నాక వాడు తెరిచే బటన్ నొక్కాడు. తెరుచుకుంది. నా చెయ్యి తిప్పి చూశాడు. "ఇదింకా కదులుతోందే" అని ఉంగరపు వేలు సర్ది పెట్టి, మళ్ళీ మూసే బటన్ నొక్కాడు. మూసే రేకు అతుక్కుపోయి ఉంటే తెరిచేది చచ్చినా పట్టుకోదని రాసింది మీరు. ముద్దుగా ఉందన్న బొమ్మ మీది. మరి ఎలా తెరుచుకుంది? మీ షెడ్డులో ఎవర్నైనా అడగండి, మీ తమ్ముడిని తప్ప.

రాకపోతే మానేయండి. ఒక్కదాన్నే చెప్తాను. నమ్మరు. అయినా చెప్తాను. మీరు మాత్రం ఇకమీదట ఏ మైకు ముందూ నిలబడకండి, చూడలేను.


నువ్వున్న ఆస్పత్రే, కింది అంతస్తు, కట్లు కట్టే గది బయట బల్ల

మరదలా,

పైకి వచ్చి మొహం చూపించలేక నర్సుతో ఇది రాయించి పంపుతున్నాను.

నీ ఉత్తరం చదివి బొమ్మ మళ్ళీ గీసి చూశాను. ఎటు నుంచి చూసినా ఒక్కటే జవాబు. వెంటనే బస్సెక్కాను. సరాసరి పోలీసు అధికారి దగ్గరికెళ్ళి, ఆ బీరువా చూపించమన్నాను. సంచీ నిండా పనిముట్లతో వచ్చిన ముసలిదాన్ని చూసి నవ్వాడు, కానీ వచ్చాడు. వాడినీ పిలిపించాడు.

వాడొచ్చేలోపు ప్రతి వైరూ చూశాను. నీ పనికి వంక పెట్టడానికి లేదు, నా షెడ్డులో కూడా ఇంత శుభ్రంగా కట్టేవాళ్ళు తక్కువ. రేకులు కొత్తగా మెరుస్తున్నాయి. ఎర్ర బటన్ వైర్లు కటింగ్ ప్లయర్‌తో నీటుగా తెంచి ఉన్నాయి. మూసే బటన్‌కి పొడుగు వైరుతో విడిగా ఒక చిన్న బల్బు కలిపాను, బటన్ నొక్కితేనే వెలిగేలా. దాన్ని అధికారి ముందు, ఆయన టోపీ చాటున పెట్టాను. మెయిన్ స్విచ్ ఆయన చేతికిచ్చాను.

వాడొచ్చాడు. నేను సొరుగు తెరిచి నా కుడిచెయ్యి అంచు మీద పెట్టాను.

"ఏంటక్కా, పిచ్చా? తియ్యి."

"దానంతట అదే తిరుగుతుందన్నావుగా. తిరగనీ."

"నీకేమన్నా అయితే?"

"అయితే నువ్వు చెప్పిందే నిజం. నువ్వు బయటపడతావు. దూరంగా నిలబడరా."

దూరంగా నిలబడలేదు. కౌంటర్ అంచుకి నడుము ఆనించి నిలబడ్డాడు. నా వైపే చూస్తున్నాడు. కళ్ళనిండా నీళ్ళు. "అక్కా, నా మాట వినక్కా" అంటూనే నొక్కాడు. ఆ ఏడుపు నటన కాదే. నటనైతే బాగుండేది.

టోపీ చాటున బల్బు వెలిగింది. సొరుగు వచ్చింది. "చూశారా సార్! దానంతట అదే!" అని అరిచాడు. అధికారి బల్బు వైపు నోరు తెరుచుకుని చూస్తూ స్విచ్ సంగతే మర్చిపోయాడు. నేను కేక పెట్టాక ఆపాడు. మణికట్టు దగ్గర చిట్లింది. గోళ్ళు ఊడాయి. నీకు జరిగిందానిలో అది పావు వంతు కూడా కాదు, ఆ పావు వంతుకే నాకు కళ్ళు బైర్లు కమ్మాయి.

టోపీ తీసి బల్బు చూపించాడు ఆయన. వాడికి ఒక్క క్షణం పట్టింది అర్థమవడానికి. తర్వాత ఇనుప స్టూలు ఎత్తాడు. మొదటిది నా తల మీద, రెండోది భుజం మీద. "రక్తం పంచుకుని పుట్టి బయటివాళ్ళకి పట్టిస్తావే!" అని ఇంకోటి. నేనూ ఊరుకోలేదు. ఎడమచేతిలో టెస్టర్ ఉంది, వాడి బుగ్గలో దిగింది. ఇద్దరు కానిస్టేబుళ్ళు నేలకి అదిమేదాకా కొడుతూనే ఉన్నాడు. గాజు బిళ్ళలన్నీ పగిలి కాళ్ళ కింద కరకరమన్నాయి. ఒకప్పుడు నన్ను మోసిన భుజాలే అవి, వాటినే అదిమిపట్టి సంకెళ్ళు వేశారు. చూస్తూ నిలబడ్డాను.

స్టేషన్లో వాంగ్మూలం రాసుకునేవాడు అడిగాడు, "ముద్దాయి మీకేమవుతాడు?"

"తమ్ముడు."

కలం ఆపాడు. "సొంత తమ్ముడా? అయితే ఇవాళ వద్దులెండమ్మా. దెబ్బ తగిలి ఉన్నారు. ఇంట్లో ఒకసారి మాట్లాడుకుని రండి."

"ఇంట్లో మాట్లాడుకున్నాం కాబట్టే ఆమె వేళ్ళు పోయాయి. రాసుకోండి" అన్నాను.

రాసుకున్నాడు. బొమ్మ గీసింది నేనని, అడిగింది వాడని, నొక్కింది వాడని.

రెండు వైపులా వినాలని నీకు ఆ ఉత్తరం రాసినదాన్ని నేనే. దానికి ఏ వాంగ్మూలమూ సరిపోదు. ఇక్కడే కూర్చుని ఉన్నాను. వద్దంటే వెళ్ళిపోతాను.

వదిన


పై అంతస్తు

వదినా,

పైకి రండి. క్షమించి పిలవడం లేదు, దాని సంగతి తర్వాత చూద్దాం.

మీరు స్టేషన్లో రాయించిన దాన్లో ఎర్ర బటన్ వైర్లు లేవు. రెండోసారి నొక్కింది లేదు. మొదట మడమతో తన్నింది అసలే లేదు. రేపు వాడి వకీలు ఆ ఖాళీల్లోంచే దూరతాడు. మొదట్నించీ అన్నీ రాద్దాం. నేను చెప్తాను, వైర్ల సంగతి మీరు సరిచూడండి. రాయడానికి మనిద్దరికీ కుడిచెయ్యి లేదు కాబట్టి నర్సుని బతిమాలి కూర్చోబెట్టాను. ఆవిడ డ్యూటీ దిగేలోపు రండి.